కందిరీగలు: గృహిణి యెరుగవలసిన సంగతులు

ఇల్లూడ్చుచు తల పైకెత్తిన యిల్లాలికి చూరుక్రింద నొక బూడిదరంగు గూడు కనబడును. వెంటనే నోట వెడలు మాట "అమ్మో, కందిరీగలు!" అని. ఆ మాట వెంట వచ్చునది చీపురుకట్టయో, కిరసనాయిలు గుడ్డ చుట్టిన గడకఱ్ఱయో యగును. ఆ గూడెవరిది, అందలి పురుగు మీదబడి కుట్టునదా కాదా, దానిని తొలగింపవలెనా విడువవలెనా యను విచారము మనకు తట్టదు. కందిరీగయను నొక్క పేరితో మనము పిలుచు ప్రాణులు ఒక్క జాతివి కావు. వాని నడవడియు నొక్కటి కాదు. ఈ భేదము తెలియకపోవుటచే మా యింట జరిగిన సంగతిని ముందుగా విన్నవించి, పిదప విషయమునకు వచ్చెదము.

క్రిందటి భాద్రపదమాసమున వినాయకచవితికి మా ఆడుబిడ్డ పుట్టినింటికి వచ్చియుండెను. పండుగకు ఇల్లు దులుపుచు మేము దేవునిగది ద్వారబంధముమీద నున్న చిన్న మట్టిగూళ్లను చూచి జడిసితిమి. పిల్లల నందరిని వెలుపలికి పంపి, తలకు ముసుగు చుట్టుకొని, వానిని చీపురుతో రాలగొట్టితిమి. యుద్ధము గెలిచినంత సంతోషమయ్యెను. పెరటిలో నీళ్లతొట్టి మూతయంచు క్రింద, అరచేతి వెడల్పున, కాగితమువంటి గూడొకటి పది దినములనుండి వ్రేలాడుచునే యున్నది. "చిన్నదే కదా, పండుగ వెళ్లనిండు" అనుకొంటిమి. ఆ మధ్యాహ్నమే మా ఆడుబిడ్డ చెంబుతో నీళ్లు ముంచుకొనుటకు మూత జరుపగా రెండు పురుగులు లేచి చేతిమీద కుట్టినవి.

మా అత్తగారు వచ్చి కుట్టినచోట సున్నము రాచిరి. ఎవరును భయపడలేదు. "నిరుడు కుట్టినప్పుడు మోచేతిదాక వాచి, రెండు దినములలో తగ్గినది వదినా" అని ఆమెయే నవ్వుచు చెప్పెను. పావుగంట గడచెనో లేదో, ఒడలెల్ల దద్దురులు లేచినవి. పెదవులు వాచినవి. గొంతు బిగిసినట్లున్నదని చెప్పుచునే గోడకు చేరగిలబడి కన్నులు మూసెను. మేము నిమ్మరసము కలుపుచు నిలిచియుంటిమి! మా వారు వచ్చి చూచి, మాటాడక పొరుగువారి కారు తెప్పించి ఆసుపత్రికి చేర్చిరి. డాక్టరుగారు తొడకు అడ్రినలిన్ ఇంజెక్షను ఇచ్చిరి. కొలది నిమిషములలో ఊపిరి తేటపడెను. ఆ రాత్రి యంతయు నచ్చటనే యుంచి, మరునాడు పంపిరి.

ఆసుపత్రి బల్లమీద కూర్చుండి ఆ రాత్రి మేము తలపోసినది ఇది: భయపడవలసినదానిని పది దినములు చూచుచు విడిచితిమి, భయపడనక్కరలేనిదానిని ముసుగు కట్టుకొని నాశనము చేసితిమి. అట్టి పొరపాటు మఱియొక యింట జరుగకుండుటకే యీ నాలుగు మాటలు.

మట్టిగూడు కట్టునవి

ఇల్లు చేరిన పిదప, రాలిన మట్టిపెంకుల నేరి చూచితిమి. ఒకదానిలో ఆకుపచ్చని పురుగులు అయిదారు ఇమిడియున్నవి. అవి చావలేదు, కుళ్లలేదు. పుల్లతో తాకిన కొంచెము మెదలుచుండెను. వాని ప్రక్కను తెల్లని పిల్లపురుగొకటి వానిలో నొకదానిని తినుచుండెను.

చిన్ననాట మా తండ్రిగారు భాగవతము చెప్పుచు భ్రమరకీటకన్యాయమును బోధించిరి. భ్రమరము కీటకము నొకదానిని తెచ్చి గూటిలో బెట్టి మూసి చుట్టును ఝుంకారము చేయుననియు, ఆ భయముచే దానినే తలచి తలచి కీటకము తానును భ్రమరమగుననియు నా న్యాయము. ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజునకు తన యిరువదినలుగురు గురువులను జెప్పుచు నీ పురుగును గూడ పేర్కొనెను. దేనిని ధ్యానింతుమో అదియే యగుదుమను తత్త్వమునకు చక్కని దృష్టాంతమే. కాని మా చేతిలోని పెంకులో కనబడిన సంగతి వేఱు. లోనికి పోయిన పురుగొకటి. వెలుపలికి వచ్చునది మఱియొకటి. తల్లి తెచ్చినది శిష్యుని గాదు, బిడ్డకు భోజనము!

ఫ్రాన్సుదేశమున ఫాబర్ అను పండితుడు (1823–1915) ఈ జాతివాని సంసారములను ఏండ్లతరబడి కనిపెట్టి వ్రాసెను. తల్లి ఆకుపురుగును కుట్టును గాని చంపదు. కదలలేకుండ మాత్రము చేయును. చచ్చినచో కుళ్లును, కదలినచో గ్రుడ్డు నలుగును గదా. కుండవంటి గూడు కట్టు జాతి యింకొక జాగ్రత్త గూడ పడును. గ్రుడ్డును సన్నని పోగుతో గూటి కప్పునుండి వ్రేలాడదీసి, ఆ పిమ్మట క్రింద పురుగులను నింపి మూతవేయును. ఉట్టిమీద పాలకుండ పెట్టు మన బుద్ధియే దానికిని గలదు.

ఈ కుండల జాతికి తోడు, మట్టిని గొట్టములవలె ప్రక్కప్రక్కన పేర్చి గూడు కట్టు జాతి మఱియొకటి గలదు. నలుపు పసుపు రంగులు, నడుము దారమంత సన్నము. ఇది సాలెపురుగులను తెచ్చి నింపును. మఱికొన్ని తాళపుచెవి రంధ్రములలోను, కిటికీ సందులలోను, కొట్టిన మేకు ఊడిన బెజ్జములలోను మట్టి పెట్టి మూయును.

వీని విషయమున ముఖ్యముగ గ్రహింపవలసినది, ఇవి ఒంటరిగ బ్రదుకునవి యనుట. తల్లి యొక్కతెయే గూడు కట్టి, మూతవేసి, తన దారిని పోవును. కాపలాకు గుంపు లేదు. అందుచే చేతితో పట్టి నొక్కినగాని యివి సామాన్యముగ కుట్టవు. తలుపు బిగియకుండునట్లుగాని, విద్యుత్తు పెట్టెలోగాని గూడున్నయెడల తీసివేయవలెను. ఒకవైపున గుండ్రని రంధ్రమున్న గూడు పిల్ల యెగిరిపోయినది. దానిని గోకి కడుగవచ్చును. తక్కినవానిని విడిచిన నష్టమేమియు లేదు.

కాగితపు గూడు కట్టునవి

మా ఆడుబిడ్డను కుట్టినవి యీ జాతివి. ఇవి కొయ్యను, ఎండిన పుల్లలను గీకి, ఉమ్మితో నమిలి, కాగితమువంటి పదార్థమును చేసి గదులు కట్టును. మనుష్యులు గుడ్డపీలికలతో కాగితము చేయు కాలమున, 1719లో, రోమూర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కందిరీగను చూపి, కొయ్యతోను కాగితము చేయవచ్చునని సూచించెను. నేడు మన చేతిలోని పుస్తకములన్నియు నధికముగ కొయ్యగుజ్జు కాగితములే.

ఈ గూడు సన్న కాడనుండి క్రిందికి వ్రేలాడును. గదులకు పైకప్పు తొడుగుండదు. క్రిందినుండి చూచిన గదుల నోళ్లు కనబడును. చూరులు, నీళ్లతొట్టి మూతలు, దండెపు గుంజలు, పూలచెట్ల కొమ్మలు, తీయక మూసియుంచిన కిటికీ రెక్కల వెనుక భాగములు వీనికి ప్రియమైన తావులు. మన దక్షిణదేశమున మిక్కిలి సామాన్యమైన యొక చిన్న గోధుమరంగు జాతినిగూర్చి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయందు ఆచార్య రాఘవేంద్ర గడగ్కర్‌గారు దశాబ్దములుగ పరిశోధించిరి. ఆ గూటి రాణి కడు సాధువట, ఎవరిపైనను దెబ్బలాడదు. ఆమె లేకపోయినప్పుడు పనికత్తెలలో నొకతె తక్కినవారిపై మిక్కిలి కోపముగ విరుచుకొనిపడి, కొన్నాళ్లకు తానే రాణియై, పిదప తానును సాధువగును. అధికారము కుదిరినపిదప కోపముతో పనిలేదని యింటి పెద్దలు కొందఱు దీనివలన నేర్వవచ్చును!

అయినను గూటిలో పిల్లలున్నవి గనుక, పదిమంది కలిసి కాపాడుకొందురు. మనము దగ్గరకు పోయినప్పుడు రెక్కలెత్తి మనవైపు తిరిగి నిలుచును. అది హెచ్చరిక. అప్పుడు వెనుకకు తగ్గిన మాటలేదు; చేయి విసరిన కుట్టును. తేనెటీగ ముల్లు కొంకికలది యగుటచే చర్మమున చిక్కుకొని యీగ చచ్చును. కందిరీగ ముల్లు అట్లు చిక్కుకొనదు. కాబట్టి యొకటే పలుమారులు కుట్టగలదు. కుట్టునవి యన్నియు నాడువే. మగవానికి ముల్లు లేదు.

పెద్ద కందిరీగలు

బొటనవ్రేలి పొడవున, నల్లనో గోధుమవన్నెదో యైన యొడలు, నడుముక్రింద వెడల్పైన పసుపు పట్టె గలవి పెద్ద కందిరీగలు. ఇవి చెట్లమీద కుండంత గూడు కట్టి, దానికి చుట్టును కాగితపు తొడుగు వేసి, రాకపోకల కొక ద్వారము విడుచును. పాడుగోడల బోలులోను, నేలబొరియలలోను గూడ కాపురముండు జాతులు గలవు. ఒక్కొక్క గూట వందలకొలది యుండును. వీనిలో నొకదానిని నలిపినయెడల విషమునుండి వెడలు వాసనయే తక్కినవానికి యుద్ధభేరి యగును.

వీనితో ఇంటివారికి పనిలేదు. రాళ్లు విసరుట, మంట పెట్టుట, గడతో పొడుచుట కూడదు. పిల్లలను, పశువులను ఆ వైపు పోనీయక, అగ్నిమాపకశాఖవారికి (101) గాని, పంచాయతీ, పురపాలకసంఘములకు గాని తెలిపి, కవచముతో వచ్చు నేర్పరులచే తీయింపవలెను. తేనెపట్టును గూడ మనము ముట్టరాదు. పట్టు తీయ నేర్చినవారిని పిలువవలెను.

మేలు చేయునవి

కందిరీగలన్నియు లేకుండిన బాగుండునని తలపరాదు. కాబేజీ, చిక్కుడు పాదుల నాకుపురుగులను ఏరుకొనిపోవునవి యివియే. పచ్చల నగవలె మెఱయు సన్నని కందిరీగ యొకటి బొద్దింకను తలలో కుట్టి, దాని మీసమును పట్టుకొని, త్రాట కట్టిన గొడ్డువలె నడిపించుకొనిపోయి తన బిడ్డకు ఆహారము చేయును. ఇక మేడిపండు పొట్టలోని పురుగులమాట తెలుగువారి కెవరికి దెలియదు? అందు పెక్కు మిక్కిలి చిన్నవైన కందిరీగలే. మేడి, రావి, మఱ్ఱిచెట్ల పూవులు కాయలోపలనే దాగియుండుటచే ఆ చిన్నపురుగు లోన దూరి పుప్పొడిని చేర్చినగాని విత్తు కట్టదు. మనము ప్రదక్షిణము చేయు రావిచెట్టు విత్తునకు ఈ పురుగే ఆధారము.

గూడు పుట్టకుండ

కాగితపు గూడు మొదట ఒకటి రెండు పురుగులు రూపాయిబిళ్లంత కట్టుటతో ప్రారంభమగును. అప్పుడు తొలగించుట సులభము. మాసము గడచిన కష్టము. కాబట్టి వారమున కొకమారు, శుక్రవారము ఇల్లు కడుగునాడు, చూరులు, తొట్టి మూతలు, స్నానాలగది కిటికీ, మెట్లక్రింది భాగము, పాతసామానుల గుట్ట చూచుకొనుట యలవాటు చేసికొనవలెను. మూతను చేతితో జరుపుటకు ముందు ఒక పుల్లతో తట్టి, వంగి క్రిందియంచు చూడవలెను. మేము నిరుడు చేయక చెడినది యిదియే.

గోడబెజ్జములను సున్నముతోనో సిమెంటుతోనో పూడ్పవలెను. ఏ.సి. గొట్టములు పోవు రంధ్రములను గూడ మరువరాదు. వెంటిలేటరులకు సన్నని వల బిగింపవలెను. బెల్లము, మిఠాయి, కోసిన మామిడి, పనస తొనలు మూతలేక యుంచరాదు. చెట్టుక్రింద రాలి మురిగిన పండ్లను నాటి కానాడు ఎత్తి పారవేయవలెను. ఆరుబయట పిల్లలు పానకముగాని, సీసాలోని తీపినీళ్లుగాని త్రాగునప్పుడు గ్లాసులో పోసి చూచి త్రాగనీయవలెను. నోటిలోపల కుట్టినయెడల గొంతు వాచి ప్రమాదమగును.

గూడు కట్టిన పిదప

కిరసనాయిలు దివిటీ మన పూర్వాచారము. దాని ఫలము తఱచుగ పురుగులకంటె మనకే యెక్కువ. మండుచు రాలు గూటిముక్క తాటాకుమీదనో గడ్డివామిమీదనో పడిన ఇల్లే పోవును. నిప్పురవ్వలు పడి చీర అంటుకొనవచ్చును. చావక మిగిలినవి దివిటీ పట్టినవారి మీదికే వచ్చును. ఈ పద్ధతిని విడువవలెను.

అరచేతికి మించని కాగితపు గూటికి సబ్బునీరు చాలును. శేరెడు నీళ్లలో రెండు చెంచాల పాత్రలు తోము సబ్బుద్రవము కలిపి, చిమ్ముడుసీసాలో పోసికొనవలెను. చీకటిపడి పురుగులన్నియు గూటిని చేరిన పిదప, పూర్తిచేతుల మందపు చొక్కా, చేతితొడుగులు, ముఖమునకు గుడ్డ ధరించి, గూడు పూర్తిగ తడియునట్లు దూరమునుండి చిమ్మవలెను. పురుగు ప్రక్కలనున్న ఊపిరి రంధ్రములను సబ్బునీరు మూసివేయును. చేతి దీపమును గూటిపై సూటిగ వేయక, ఎఱ్ఱని కాగితము కప్పి ప్రక్కన నుంచవలెను. ఎఱుపు వానికి సరిగ కనబడదు. ఉదయమున చచ్చినవానిని ఊడ్చి, గూడు కాడతో గోకి తీయవలెను. నిచ్చెన నెక్కి ఈ పని చేయరాదు. మునుపొకసారి కుట్టి ఒడలంత దద్దురులు వచ్చినవారు దగ్గరకే రారాదు. ఎత్తున నున్న గూటికి నేర్పరులే కావలెను.

కుట్టిన పిదప

మొదట అచ్చటినుండి తొలగి లోనికి పోవలెను. ఒకటి కుట్టినచోట పది కుట్టవచ్చును. కుట్టినచోట సబ్బుతో కడిగి, తడిగుడ్డలో చుట్టిన మంచుగడ్డను పది నిమిషములు అదిమి యుంచవలెను. చేయియైన ఉంగరములు, గాజులు వాపు రాకముందే తీయవలెను. మనము మరచునది ఇదియే. చేతిని ఎత్తుగ నుంచవలెను. సున్నము, చింతపండు, ఉల్లి, ఇనుపముక్క రాయుట మన యలవాటు. విషము చర్మముక్రిందికి పోయియుండును. పైపూత దానిని చేరదు. సున్నము పుండు చేయును గూడ. కుట్టినచోటనే వాచి, నొప్పి దురద పుట్టుట సామాన్యము. ఆ వాపు రెండవదినమున హెచ్చి, కొన్నిదినములలో తగ్గును.

కాని యీ గుర్తులను ప్రతి గృహిణియు కంఠస్థము చేయవలెను: కుట్టినచోటగాక ఒడలంతట దద్దురులు, పెదవులు, నాలుక, కనురెప్పలు వాచుట, గొంతు బిగియుట, గొంతు బొంగురుపోవుట, ఆయాసము, పిల్లికూతలు, వాంతి, తల తిరుగుట, సొమ్మసిల్లుట. వీనిలో ఏది కనబడినను ఇంటివైద్యమునకు సమయము లేదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. వచ్చువరకు రోగిని పరుండబెట్టి కాళ్లు ఎత్తుగ నుంచవలెను. ఆయాసమున్న కూర్చుండనీయవచ్చును. నిలువబెట్టి నడిపింపరాదు. నోట నేమియు పోయరాదు. దీనికి మందు అడ్రినలిన్ ఇంజెక్షను. దురదమాత్రలు దానికి బదులు కావు. తగ్గినట్లు కనబడినను కొన్ని గంటల పిదప మరల రావచ్చును గనుక, డాక్టరుగారు ఉండుమన్నంతసేపు ఉండవలెను.

ఇట్లు కొందఱికే యగుటకు కారణము, వారి శరీరము ఆ విషమునకు మితిమీరి ప్రతిఘటించుట. మొదటి కాటున ఆ వైరము లోపల సిద్ధమై, మరల కుట్టినప్పుడు వెలువడవచ్చును. "నిరుడు కుట్టి ఏమియు కాలేదు" అనునది అందుచే ధైర్యము చెప్పుమాట కాదు. ఇంకొక సంగతి: పెద్ద కందిరీగలు పదులకొలది కుట్టినయెడల, పైకి బాగుగ నున్నను ఆసుపత్రికి పోవలెను. ఆ విషము కండరములను చెడగొట్టి మూత్రపిండములకు చేటు తెచ్చును. మూత్రము తగ్గుట, నల్లబడుట దానికి గుర్తు.

ఇప్పుడు మా ఆడుబిడ్డ చేతిసంచిలో డాక్టరుగారు వ్రాసిచ్చిన చీటి యెల్లప్పుడు నుండును. ఏమి చేయవలెనో ఆమె యత్తవారింట నందఱకు నేర్పివచ్చితిమి. ఇక మా యింట మూత జరుపుటకు ముందు పుల్లతో తట్టుట చిన్నపిల్లలకు గూడ నలవాటైనది.

ఈ యేడు దేవునిగది ద్వారబంధముమీద మరల నొక మట్టికుండ వెలసినది. మా అత్తగారు చీపురు పట్టుకొని వచ్చి, "ఇది ఏ జాతిదే?" అని మమ్ము అడిగిరి. చెప్పితిమి. ఆమె చీపురును గోడకు చేరవేసి, పూజకు పోయిరి.